అమ్మేవాని మాట, నేసేవాని చెమట



షోలాపూరు కొంతం చౌక్ చుట్టుపట్ల మన తెలుగువారి ఇండ్లలో ఒకప్పుడు పిల్లవాడు ఎదిగితే మగ్గము దగ్గరకో, సాంచాల కార్ఖానాకో వెళ్ళేవాడు. నేడు చదువుకున్న మన యౌవనస్థులు కొందరు సాంపిల్ సంచి పట్టుకొని సేల్స్ మేనేజరు, బిజినెస్ డెవలప్‌మెంట్ అనే ఉద్యోగములకు వెళ్ళుచున్నారు. అందుకు దేవుని స్తుతించుచున్నాము. అయితే యౌవనస్థుల కూడికలో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న మమ్మును నిద్రపోనివ్వలేదు. “అన్నా, నెల టార్గెట్ చేరాలంటే ఎంతో కొంత అబద్ధం ఆడక తప్పదు. విశ్వాసి ఈ ఉద్యోగం చేయవచ్చునా?”

అమ్మకము పాపము కాదని మొదట చెప్పవలెను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములోని లూదియ ఊదారంగు పొడి అమ్మే స్త్రీ. ఆమె కూడ మనవలె స్వంత ఊరు విడిచినదే. తుయతైర పట్టణస్థురాలు ఫిలిప్పీలో వ్యాపారము చేసినది. ప్రభువు ఆమె హృదయమును తెరచెను గాని, ఆమె దుకాణము మూసివేయవలెనని పౌలు చెప్పినట్లు వ్రాయబడలేదు. ఆమె ఇల్లే సహోదరులకు ఆశ్రయమాయెను. నేసిన చద్దరు అమ్ముడుపోనిదే నేసినవాని ఇంట పొయ్యి వెలగదు. గనుక కొనేవారిని వెదకి తెచ్చే పని గౌరవమైన పనియే.

మరి పాపము ఎక్కడ మొదలగును? బేరములో కొనేవాడు తక్కువ చెప్పుట, అమ్మేవాడు ఎక్కువ చెప్పుట ఇద్దరికీ తెలిసిన సంగతే. సామెతల గ్రంథము 20:14లో కొనేవాని మాటలు కూడ మనకు కనబడును. కాని కొనేవాడు తన కంటితో చూచి తెలుసుకోగలిగినది ఒకటి, మన మాట మీదనే నమ్మవలసినది మరొకటి. తువ్వాలు రంగు అతనికి కనబడును. ఉతికితే ఆ రంగు దిగునా లేదా అన్నది కనబడదు. నూలులో ఏమి కలిసినదో కనబడదు. అతడు చూడలేని చోట మనము చెప్పే మాటయే మన త్రాసు. దొంగత్రాసు దేవునికి హేయమని సామెతలు 11:1 బోధించుచున్నది.

షోలాపూరు చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేరొక ఊరి సరకును ఈ పేరుతో అమ్మినవాడు కొనేవానిని మాత్రమే కాదు, మన వీధులలో నేసిన చేతులను కూడ దోచుకొనుచున్నాడు.

ఇంకొక అబద్ధమున్నది, అది అబద్ధమువలె కనబడదు. ముప్పది దినములు పట్టే ఆర్డరును పదిహేను దినములలో ఇస్తామని చెప్పి వచ్చినవానికి ఆఫీసులో మెప్పు, కమీషను దొరుకును. ఆ మాట నిలబెట్టేది అతడు కాదు. రాత్రంతా సాంచాల మధ్య నిలబడే కార్మికుడు. అతని నిద్ర పోవును, ఆదివారపు ఆరాధన పోవును. ఆ కార్మికుడు మన తండ్రియో, మన చిన్నాయనయో కావచ్చును. గనుక మాట ఇచ్చేముందు మనము అడుగవలసినది: “ఈ మాట ఖరీదు ఎవరు చెల్లించవలెను?”

లెక్కల ఆశ సేవకులకు కూడ వచ్చును. మన బాప్తిస్టు చరిత్రలో జాన్ క్లౌ దొరగారిని తలంచుకొనుడి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించే కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. అనేకులు బాప్తిస్మము కోరిరి. కూలి కొరకు, అన్నము కొరకు వచ్చుచున్నారేమోనని, సహాయము జరిగినంత కాలము ఆయన ఇవ్వలేదు. పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్య ముందుగా కావాలనుకొంటే ఆయనకు సులభమే. ఆయన ఆగెను.

నిజము పలికితే వ్యాపారము తప్పక పెరుగునని మేము మాట ఇవ్వలేము. అదియు అబద్ధమే అగును. “ముప్పది దినములు కావాలి” అని చెప్పిన తమ్మునికి ఆర్డరు పోవచ్చును, ఉద్యోగమే పోవచ్చును. అప్పుడు సంఘము ఏమి చేయును? పులుపిటము మీదనుండి నిజాయితీ బోధించి, అతని ఇంటి అద్దెకు ముఖము త్రిప్పుకొంటే మనము కూడ నిలబెట్టలేని మాట అమ్మినవారమే. ఒకరి భారమొకరు మోయుట గలతీ సంఘమునకు మాత్రమే వ్రాయబడినదా?

కాబట్టి తమ్ముడా, ఈ ఉద్యోగము చేయుము. ఆర్డరు కాగితము మీద సంతకము పెట్టించే ముందు ఒక్కసారి సాంచా దగ్గరకు వెళ్ళి, ఎన్ని దినములు పట్టునో నేసేవానినే అడుగుము. ఆ మాటయే కొనేవానికి చెప్పుము. ఆ తరువాత వచ్చే నష్టమును నీతో కూడ మోయుటకు మేమును సిద్ధపడుదుము.

ప్రభువు మన పెదవులను కాపాడును గాక. ఆమేన్.