అరచేతిలోని యంత్రము: కాయకమా, కాలక్షేపమా?

పుష్యమాసమున ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామివారి రథము కదలు వేళ, పూర్వము జనసమూహమునందు పైకి లేచిన చేతులన్నియు జోడించిన చేతులే. నేడు వానిలో పెక్కింట స్మార్ట్‌ఫోనులున్నవి. రథమును కన్నులతో చూచువారి కంటె తెరమీద చూచువారే అధికులైరని పెద్దలు నొచ్చుకొనుచున్నారు. వారి నొప్పి యథార్థమైనదే. అయినను ఆ నొప్పినుండి పుట్టిన తీర్పు, అనగా ఈ యంత్రము భక్తికి శత్రువు, కాలమును మ్రింగు భూతము అను తీర్పు, యథార్థమా కాదా యనునది విచారింపదగిన విషయము.

ఇష్టలింగము నిలువవలసిన అరచేతిలో ఫోను నిలిచినదని ఉపన్యాసకులు చెప్పుటయు, సభలో చప్పట్లు మ్రోగుటయు పరిపాటియైనది. ఈ పోలిక వినుటకు సొంపుగనే యుండును గాని విచారణకు నిలువదు. అదే అరచేయి కొడవలిని పట్టినది, మగ్గముమీద నాడెను పట్టినది, కొట్టులో తక్కెడను పట్టినది. శరణులు పనిముట్టును పూజకు విరోధిగా తలపలేదు. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మాదార చెన్నయ్య తోలుపని చేసెను. పనిముట్టు చేతనుండుట దోషమైనచో ఆ మహనీయులందరును దోషులే కావలెను. కావున ప్రశ్న చేతిలో ఏమున్నదని కాదు. ఎంతసేపున్నది, ఎవరికొరకున్నది యని.

ఈ రెండు ప్రశ్నలకును ఆయ్దక్కి మారయ్య దంపతుల కథ చక్కని వెలుగు చూపును. మారయ్య నేలరాలిన బియ్యపు గింజలనేరి తెచ్చి దాసోహము నడిపెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినాడు. అది చూచి భార్య లక్కమ్మ, ఈ అధికమెందుకు, ఉన్నచోటనే పోసి రమ్మని ఆయనను త్రిప్పి పంపినది. బియ్యము చెడ్డదని ఆమె యనలేదు, ఏరుట చెడ్డదనియు ననలేదు. మితము తప్పినదని మాత్రమే యన్నది. స్మార్ట్‌ఫోను విషయమున లక్కమ్మవంటి తీర్పరి యింటింటికిని ఒకరుండిన బాగుండును.

మొదట ప్రయోజనము సంగతి. ఆదోని వ్యవసాయ మార్కెట్టు ప్రత్తికిని వేరుశనగకును పేరుపొందినది. పూర్వము రైతు సరుకును బండికెత్తించి, బాడుగ మాట్లాడుకొని, యార్డు చేరిన పిదప గాని ఆనాటి ధర యతనికి తెలిసెడిది కాదు. తెలిసిన తరువాత, చాలలేదని సరుకును మరల ఇంటికి కొనిపోవుట సాధ్యమా? రెండవ బాడుగ యెవరిత్తురు? నేడు అగ్‌మార్క్‌నెట్‌లో ఆదోని ధరను, ఇతర మార్కెట్ల ధరలను ఇంటి అరుగుమీద కూర్చుండియే చూడవచ్చును. తెలిసి బయలుదేరిన రైతు మాటలో గల బిగువు తెలియక వచ్చినవాని మాటలో నుండదు.

అయితే ఇచ్చటనే ఒక సూక్ష్మము కలదు. ప్రత్తి నమ్మి, సొమ్ము తెచ్చుకొని, అప్పు తీర్చిన తరువాత కూడ కొందరు ప్రతిదినము పది మారులు ధర చూచుచుందురు. పెరిగినచో అయ్యో యని దిగులు, తగ్గినచో ఒక విధమైన సంతోషము. ఇది వ్యవసాయము కాదు, సమాచారమును కాదు. ప్రయోజనమను పేరు పెట్టుకొని వచ్చిన వ్యసనము. ఆటలు చూచు పిల్లవానిని మందలించు తండ్రి తన ధరల పిచ్చిని వ్యసనమని యంగీకరింపడు. ప్రయోజనకరము, వినోదకరము అను విభజనను గ్రుడ్డిగా నమ్మరాదనుటకు ఇదియే నిదర్శనము.

2025లో భారత ప్రత్తి సంస్థ కపాస్ కిసాన్ అను యాప్‌ను ప్రవేశపెట్టినది. మద్దతు ధరకు ప్రత్తి నమ్మదలచినవారు అందులో పేరు నమోదు చేసికొని, సరుకు తెచ్చు దినమును ముందుగా నిర్ణయించుకొనవలెను. 2025–26 సంవత్సరమునకు పొడవు పింజ ప్రత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. చదువురాని వృద్ధ రైతునకు ఆ ధరకును తనకును నడుమ ఒక చిన్న తెర గోడవలె నిలిచినది. ఆ తెరను తాకుటయెట్లో తెలిసిన పొరుగింటి కుర్రవాడు నమోదుకు డబ్బు పుచ్చుకొనుట యొక పద్ధతి. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వ్రేలు పట్టి, రెండవ మారు తానుగా చేసికొనగలుగునట్లు నేర్పుట యింకొక పద్ధతి. దాసోహమనగా పంక్తిలో అన్నము వడ్డించుట మాత్రమే యనుకొనువారు దీనిని దాసోహముగా లెక్కింపకపోవచ్చును. లెక్కింపవలెను. మఠములలో అమావాస్యనాడు భక్తులు కూడినప్పుడు ఒక గంట కాలము యువకులీ పని చేసిరేని, ఆనాటి ప్రసాదము రెండింతలగును.

మెట్టపొలములలో పిడుగుపాటు ప్రాణాంతకమని పశ్చిమ కర్నూలు కాపరులకును కూలీలకును వేరుగా చెప్పనక్కరలేదు. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన దామిని యాప్, ఇరువది, నలువది కిలోమీటర్ల పరిధిలో మెరుపులున్నచో హెచ్చరించును. కలుపు తీయు ఇరువదిమందిలో ఒక్కరి ఫోనునందు అది యుండి, ఆ యొక్కరు చెట్టు క్రిందికి పోవద్దని కేకవేసిన చాలును.

ఎమ్మిగనూరు నేతగాండ్ర సంగతి వేరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘము నేతగానిని కొనుగోలుదారుతో కలుపు వంతెనయైనది. నేడు కొందరు నేతగాండ్రు వస్త్రమును ఫోటో తీసి వాట్సాప్‌లో హైదరాబాదుకును బెంగుళూరుకును పంపి అమ్ముచున్నారు. సంతోషమే. కాని ట్యూబులైటు క్రింద తీసిన ఫోటోలో రంగొక విధముగను, పగటి వెలుతురులో మరొక విధముగను కనుపించును. ఫోటోకు మెరుగులు దిద్దు సాధనములు ఫోనులోనే యున్నవి. కుంకుమరంగు చీరను ఇంకను నిగ్గుదేల్చి చూపించి అమ్మవచ్చును. చేసిన మోసమును కొన్నవారు ఏ ఊరినుండి వచ్చి యడుగుదురు? ఆ ధైర్యమే పరీక్ష. ఉదయపు వెలుతురులో, మెరుగులు దిద్దక ఫోటో తీసి, రంగు కొంచెము తేడాగా నుండునని ముందే వ్రాసి పంపు నేతగాడు కాయకము చేయుచున్నాడు. రెండవవాడు కేవలము వ్యాపారము చేయుచున్నాడు. అయినను చెప్పవలసిన మాట యొకటి మిగిలియున్నది. ఫోను కొనుగోలుదారుని చూపగలదు గాని, బేరము లేని నెలలో నూలు అరువీయలేదు. సంఘము పని సంఘముదే.

భాష విషయమున ఈ ప్రాంతమునకు ప్రత్యేకముగ కలిగిన మేలు ఒకటి కలదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోనివి. అవ్వలకు కన్నడము నాలుకమీద నున్నది, మనుమలకు తెలుగు బడి చదువు వచ్చినది. నడుమ వచనములు తెగిపోయినవి. వచన సంచయ అను వెబ్‌సైటులో ఇరువది వేలకు పైగా వచనములు వెదకుటకు వీలుగా నున్నవి. కన్నడ లిపిని తెలుగు లిపిలోనికి మార్చు సాధనములును కలవు. రెండు లిపులును అక్కచెల్లెండ్రు గనుక ఆ మార్పు సులభము. మనుమడు తెలుగు లిపిలో చదువగా, అవ్వ అర్థము చెప్పగా, ఇద్దరిలో ఒక్కరును ఒంటరిగా చేయలేని పని యింటిలో జరుగును. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో కఠినపదము తగిలినచో ఆంధ్రభారతి నిఘంటువులలో వెదకవచ్చును. పూర్వము శబ్దరత్నాకరమున్న యిల్లు ఊరికొక్కటి.

దీనికి ప్రక్కనే యొక హెచ్చరిక. ఉదయముననే పూలబొమ్మతో, బసవేశ్వరుని చిత్రముతో వచ్చు సూక్తులలో బసవన్న యననివి అనేకము. ఏ వాక్యమునకైనను చివర కూడలసంగమదేవా యని చేర్చుటకు అడ్డేమున్నది? భక్తితో నూరుగురికి పంపుటకు ముందు వచన సంచయలో నిముసము వెదకుట మంచిది. గురువు మాట కానిదానిని గురువు మాటగా పంచుట, పంచినవారు సద్భావముతోనే చేసినను, అసత్యమే.

ఇక వినోదము. వినోదమన్నంతనే ముఖము చిట్లించుట ధర్మమని కొందరి యభిప్రాయము. ఆనందము దోషమైనచో పురవంతుల నృత్యమేల, భజనలో తాళమేల? ఆదోని పరిసర గ్రామముల మిద్దెలమీద వేసవి రాత్రి చాపలు పరచి పరుండిన పిల్లలు, నక్షత్రపటము చూపు యాప్‌ను ఆకసమువంక త్రిప్పి, ఇది రోహిణి, ఇది స్వాతి, అది శని యని గుర్తించుట కంటె చక్కని వినోదమేమి కలదు? తాతకు తెలిసిన నక్షత్రముల పేర్లు పంచాంగములో ఆగిపోయినవి, పిల్లవానికి అవి కంటికి దొరకినవి. మెర్లిన్ అను యాప్ పక్షికూతను విని పక్షి పేరు చెప్పును. అన్నిటికంటె సులువైనది శబ్దమును నిలుపుకొనుట. విసురుతు పాడిన పాటలు, తొట్లె పాటలు అవ్వ గొంతులోనే యున్నవి. మీట నొక్కి ఆమెను పాడుమనుటకు ఖర్చు లేదు. అయినను ఎందరిండ్లలోనో అవ్వ పోయిన తరువాత గాని ఈ సంగతి తోచదు.

వినోదమునకు ఒక గుర్తు చెప్పవచ్చును. ముగించి లేచినప్పుడు మనస్సు తేలికపడినచో అది వినోదము. ఎందుకు చూచితినో తెలియక, ఏమి చూచితినో గుర్తులేక లేచినచో అది వేరొకటి. వ్రేలితో నెట్టినకొలది క్రొత్తది వచ్చు చిన్న వీడియోలకు చివర యుండదు, చివర లేకుండునట్లే వానిని నిర్మించినారు. రాశి తరుగదు గనుక ఏరువానికి చాలునని తోచదు. లక్కమ్మ మాట అవసరమైనది ఇచ్చటనే.

ఇంటికి ఫోను ఒక్కటే యైనచోట అదెవరి చేతనుండునను ప్రశ్నను మాత్రము పెద్దలు తరచుగా దాటవేయుదురు. పగలు తండ్రి చేత, సాయంకాలము కుమారుని చేత. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ గుర్తును తెరచి దీక్ష పాఠము వినవలసిన కూతునకు, అన్న నిద్రించిన తరువాత, చార్జింగు అడుగంటిన తరువాత. అనుభవమంటపమున అక్కమహాదేవి ప్రశ్నలకు దీటుగా బదులు చెప్పినది, లక్కమ్మ మగనిని దిద్దినది. ఆ పరంపరను చెప్పుకొను యింటిలో ఫోనునకు వంతులు వేయుట కష్టమేమి?

మరల రథము దగ్గరకు. కోత పనులు ముగిసినంతనే ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు ప్రాంతములనుండి కుటుంబములు గుంటూరు మిరపచేలకు వలసపోవుట తెలిసినదే. పిల్లలను అవ్వతాతల వద్ద విడచిపోవుదురు. జాతరనాటికి వారు మిరపకాయలు కోయుచుందురు. గుంపులో చేతులెత్తి ఫోను పట్టినవారిలో అట్టివారి పిల్లలును ఉందురు. అటువంటి యొక బాలుడు రథమును చూపుచుండెను. ఆవల చేనిగట్టున తల్లి, ముఖమునకు గుడ్డ కట్టుకొని, కారపు ఘాటుకు కన్నులు తుడుచుకొనుచు చూచుచుండెను. శిఖరము కనుపించినంతనే ఆమె యొక చేతితో నమస్కరించినది. పిదప, “సాలులే నాయనా, తేరు జూసినా. ఇంగ నీ మొగము జూపీ” యన్నది. బాలుడు ఫోనును తనవైపు త్రిప్పుకొనెను.