వెనకున్నవాడు చూస్తున్నాడు, బిడ్డా

వచ్చావా బిడ్డా, కూర్చో. నీకు సెలవు దొరికేదే తక్కువ, అందులో సగం నిద్రకే పోతుందని తెలుసు. అయినా నాలుగు మాటలు చెప్పే పంపుతాను. చదువులో నీకు వంక పెట్టలేం, మనసులో కల్లాకపటం లేదు. ఉన్నదల్లా తొందర. నా మాటలన్నీ ఆ తొందర గురించే.

మన మద్దూరులో ఎవరికి పెద్ద జబ్బు చేసినా జనగామో సిద్దిపేటో పోవాలి, అక్కడ కాదంటే వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్ గాంధీ. బడి నుంచి రిటైరయ్యాక వాళ్లకు తోడు పోవడం నాకు అలవాటైంది. మంచం పక్కన స్టూలేసుకుని గంటలకొద్దీ కూర్చునేవాడి కంట పడని విషయం ఉండదు. పెద్ద ప్రొఫెసర్ పొద్దున రౌండ్స్‌కు వస్తాడు, పోతాడు. రాత్రంతా వార్డుకు దిక్కు పీజీనే. ఆ పీజీ వెనకాలే కేస్ షీట్లు మోసుకుంటూ ఒక హౌస్ సర్జన్ పిల్లవాడు. వాడు కళ్లప్పగించి చూసేది పీజీనే. పీజీ చేస్తున్న నువ్వేమో ఇంకా నేర్చుకుంటున్నాననుకుంటున్నావు. నేర్పుతున్నావు బిడ్డా, నీకు తెలియకుండానే నేర్పుతున్నావు.

నీతి, నడవడిక, మాటతీరు నేర్పాలని 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఎట్‌కామ్ పాఠాలు పెట్టారు కదా. 2023లో వచ్చిన పీజీ నిబంధనల్లోనూ నైతికత కోర్సు పూర్తి చేయాలన్నారు. మంచిదే, నేను కాదనను. కానీ ఆ క్లాసు ఎంతసేపు? వార్డు ఎంతసేపు? కొత్త కోడెకు దున్నడం ఎవరూ నోటితో చెప్పరు. ముదురు ఎద్దు పక్కన కాడికి కడతారు, అంతే. అది సాలు తిన్నగా పోతే ఇదీ తిన్నగా పోతుంది. అది వంకర పోతే ఇదీ వంకరే.

ఒక రాత్రి సంగతి చెబుతాను, ఆస్పత్రి పేరు అడగకు. మా వాడకట్టు ముసలవ్వకు రెండు గంటలకోసారి బీపీ చూడాలని రాసి ఉంది. పదింటికి చూశారు. ఇంతలో ఏదో ఎమర్జెన్సీ వచ్చింది, అందరూ అటు ఉరికారు. పన్నెండు దాటింది, రెండు దాటింది, నాలుగూ దాటింది. తెల్లారి రౌండ్స్‌కు ముందు చూస్తే చార్టులో గడులన్నీ ఖాళీ. "ఏదో ఒకటి రాసెయ్" అన్నాడు పీజీ. ఆ హౌస్ సర్జన్ పిల్లవాడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత 130/80 అని రాశాడు, దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి.

అవ్వకు ఏమీ కాలేదు. నాకు భయం వేసింది కూడా అందుకే. ఏదైనా అయి ఉంటే ఆ పిల్లవాడు జన్మలో మళ్లీ అలా రాయడు. ఏమీ కాలేదు గనక రేపు కూడా రాస్తాడు, ఈసారి ఆ క్షణం కూడా ఆగడు. పొద్దున వచ్చే డాక్టరేమో ఆ అంకెను నమ్మి మందు పెంచుతాడు, తగ్గిస్తాడు. కొన్నేళ్లకు ఆ పిల్లవాడే పీజీ అయి, థీసిస్‌లోనూ అలాగే గడులు నింపుతాడు. ఇదంతా ఒక్క "రాసెయ్" అన్న మాటతో మొదలైంది. అన్నవాడికి ఆ మాట గుర్తు కూడా ఉండదు.

అలసట అంటావు. ఒప్పుకుంటాను. రెసిడెంట్లకు రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించొద్దని 1992లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. అది ఏ వార్డులో అమలవుతోందో నువ్వే చెప్పాలి. అలసట నీ తప్పు కాదు. అంకె మాత్రం నీ చేతిదే. "కొలవలేదు, ఎమర్జెన్సీలో ఉన్నాం" అని రాయి. ప్రొఫెసర్ తిడతాడా, తిట్టనీ. నువ్వు తిట్లు పడటం కూడా వెనకున్నవాడు చూస్తాడు.

పాత ముచ్చట ఒకటి. మన హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో 1888లో, మళ్లీ 1889లో మత్తుమందు క్లోరోఫామ్ మీద కమిషన్లు జరిగాయి. జరిపించిన ఎడ్వర్డ్ లారీ అక్కడి మెడికల్ స్కూలుకు పెద్ద. మత్తు ఇచ్చేటప్పుడు రోగి ఊపిరి మీంచి కన్ను తీయొద్దని తన శిష్యులకు పట్టుబట్టి నేర్పాడు. క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపదన్న ఆయన సిద్ధాంతం నిలవలేదు, 1911కల్లా తప్పని తేలిపోయింది. ఊపిరి గమనించే అలవాటుకు మాత్రం ఇప్పటికీ ఎవరూ వంక పెట్టలేదు. నీ సారు చెప్పే సిద్ధాంతాల్లో కొన్ని నువ్వు ముసలయ్యేలోగా మారిపోతాయి బిడ్డా. అలవాట్లు అలా పోవు, మంచివైనా చెడ్డవైనా.

మాట సంగతి కూడా అంతే. నీకు డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పేరు కాళోజీది. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9నే తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ యూనివర్సిటీలో చదువుతూ, "పెయ్యంత కాలుతుంది సారూ" అన్న ముసలాయన మాటకు నవ్వుతావా? నువ్వు ముసిముసిగా నవ్వితే నీ వెనకున్నవాడు గట్టిగా నవ్వుతాడు. మంచం మీదున్న మనిషిని ఇంగ్లిషులో "కేసు" అని చెప్పుకుంటూ పోతే వాడికీ ఆ మనిషి కేసే అవుతుంది. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించేటప్పుడూ అదే తొందర. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కూ ఒప్పుకున్నట్టు కాదని, మత్తులో ఉన్న మనిషికి తెలివొచ్చేదాకా ఆగే వీలున్నప్పుడు తల్లి సంతకంతో పని కానిచ్చేస్తే చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఏం కోస్తారో, ఎందుకు కోస్తారో మన అవ్వలకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కాస్త కూర్చుని చెప్పు. నిలబడి చెబితే పోతున్నావనే అనుకుంటారు, అడగాల్సింది మింగేస్తారు.

ఇంకొకటి. సీనియర్ నిన్ను నలుగురిలో కసిరితే ఆ కోపం జూనియర్ మీద చూపకు. వరస నీ దగ్గర తెగిపోనీ.

జిల్లా ఆస్పత్రిలో మూడు నెలలు చేయాలి కదా, అక్కడికి పోయాక వెనక సారు ఉండడనుకో. అప్పుడు ఏ అనుమానమొచ్చినా ముందు స్టాఫ్ నర్సును అడుగు. ఆమెను నువ్వు "అక్కా" అని అడిగినా, "ఏయ్" అని పిలిచినా, మర్నాటి నుంచి హౌస్ సర్జన్లందరి పిలుపూ అదే.

సరే, చాయ్ చల్లారుతోంది, తాగు. అన్నట్టు, మీ అమ్మకు షుగర్ టెస్టు ఎప్పుడు చేయించావు? ఊళ్లో అందరికీ ఫోన్లో మందులు చెబుతావు, ఆమె కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఆమె చెప్పదు, నువ్వు అడగవు. రేపు పరగడుపున జనగామ తీసుకుపో. డాక్టర్నని చెప్పకు. అందరిలాగా ఓపీ చీటీ రాయించుకుని లైన్లో నిలబడు. ఆమెతో వాళ్లెట్లా మాట్లాడతారో పక్కనుండి విను, సాయంత్రం వచ్చి నాకు చెప్పు.