వినుటయే మొదటి సేవ

కురుక్షేత్రమున అర్జునుని చేతినుండి గాండీవము జారినది. శరీరము వణకెను; నోరెండెను; నిలువ శక్తి లేకపోయెను. గీతలోని ప్రథమాధ్యాయమున భగవానుడు పలికినది ఒక్క మాట మాత్రమే: కూడియున్న కౌరవులను చూడుమని. అటుపిమ్మట అర్జునుడు తన శోకమంతయు వెళ్ళబోసికొనుచుండగా ఆయన అడ్డుపడలేదు. రెండవ అధ్యాయమున కొలదిమాటలతో హెచ్చరించి, మరల వినెను. శిష్యుడనై శరణుజొచ్చితినని అర్జునుడు వేడిన తరువాతనే బోధ ఆరంభమైనది. వినుట ముందు, ఉపదేశము తరువాత. ఇది జగద్గురువు చూపిన క్రమము.

మనము ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నాము. జంషెడ్‌పూరును తలచుకొనుడు. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థను ఆశ్రయించి, శ్రీకాకుళము మొదలగు ఉత్తరాంధ్ర ప్రాంతములనుండి ఎన్నో కుటుంబములు తరతరములుగా అచ్చట స్థిరపడినవి. బిష్టుపురములోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము వారి భక్తికి సాక్షి. అట్టి ఊర ఒక ఇల్లాలికి నిద్రపట్టదు, అన్నము సహింపదు, ఏ పనియందును మనసు నిలువదు అనుకొనుడు. వారములు గడచినను ఆ దిగులు వీడదు. పెద్దలేమందురు? “నామము చేసికొనవమ్మా, అదే పోవును” అందురు. ఆమె ప్రయత్నించును, దిగులు పోదు. అప్పుడు తన భక్తియే కొరవడినదని తలచును. ఉన్న దుఃఖమునకు సిగ్గు తోడగును. ఔషధము ఇయ్యవలసిన చోట మనము నేరము మోపినాము!

సాధకులారా, జ్వరము భక్తిలోపము కానట్లే మనోవ్యాకులతయు భక్తిలోపము కాదు. దానికి చికిత్స కలదు. అందు మాటలద్వారా చేయు చికిత్స ప్రధానమైనది.

జంషెడ్‌పూరునకు పొరుగుననే ఒక నిదర్శనము కలదు. సరాయికేలా-ఖర్సావాన్, పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలలోను, ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలోను ‘ఏక్‌జుట్’ అను సంస్థ 2005 నుండి 2008 వరకు గ్రామస్త్రీల సభలు నడిపినది. వాని ఉద్దేశము తల్లీబిడ్డల ఆరోగ్యము. నెలకొకమారు స్త్రీలు కూడి, కష్టములు చెప్పుకొని, ఉపాయములు తామే యోచించిరి. శిశుమరణములు తగ్గినవి. తల్లుల మనోవ్యాకులత విషయమున మొత్తముమీద ఫలితము స్పష్టము కాకున్నను, మూడవ ఏట ఒక మోస్తరు వ్యాకులత, సభలులేని ప్రాంతములతో పోల్చగా, 57 శాతము తక్కువగా కనబడినది.

అది సభ మాత్రమే. చికిత్సగానే చేసినచో ఏమగునో గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పరీక్షించిరి. వైద్యవృత్తి ఎరుగని స్థానికులకు శిక్షణనిచ్చి, ఒక్కొక్క రోగితో ఆరు మొదలు ఎనిమిది మారులు మాటలాడించిరి. మూడు నెలలకు, ఈ చికిత్స పొందినవారిలో 64 శాతము, సాధారణ వైద్యము మాత్రమే పొందినవారిలో 39 శాతము తేరుకొనిరి. 2016 డిసెంబరులో ఈ ఫలితములు వెల్లడియైనవి.

అందలి మర్మము మనకు క్రొత్తది కాదు. దిగులుపడినవాడు పనులు మానును. మానినకొలది దిగులు పెరుగును. కావున మొదట అతని మాట వినవలెను. పిదప అతడు చేయగల చిన్నపనిని అతనిచేతనే ఎన్నుకొనజేయవలెను: ఉదయము నాలుగడుగులు నడచుట, తులసికి నీరు పోయుట, ఒక స్నేహితుని చూచివచ్చుట. మనసు బాగుపడినపిమ్మట పని చేయుదమనక, పనిద్వారా మనసును లేవనెత్తుట. కర్మయోగము చెప్పునది వేరొకటి కాదు.

అయితే హద్దు తెలిసికొనుడు. మన సానుభూతి శిక్షణకు సాటి కాదు. దిగులు రెండు వారములు దాటినచో ఆరోగ్య కేంద్రమునకు తోడుగా పోవుడు. చావవలెనను మాట వినబడినచో మందలింపకుడు, ఒంటరిగా విడువకుడు. వెంటనే వైద్యుని సహాయము పొందుడు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 అను సంఖ్యలో రేయింబవళ్ళు ఉచితముగా లభించును, తెలుగునను మాటలాడవచ్చును.

జపము మానుమని చెప్పుట లేదు. జపము ముగించి లేచునప్పుడు ప్రక్కనున్నవారి ముఖము చూడుడు. “ఎట్లున్నావమ్మా?” యని అడిగి, బదులు వచ్చువరకు కూర్చుండుడు. విన్నమాట మరియొకరికి చెప్పకుడు. సారథియై రథముపై ఓపికతో విన్న ప్రభువునకు ఇంతకన్న ప్రియమైన పూజ యేమున్నది?