ఐబు చెప్పి అమ్మడం

పాత గిటారు ఒకటి అమ్మకానికి ఉంది. మెడ దగ్గర విరిగితే అతికించాం. ఇప్పుడు బాగానే మోగుతోంది. కొనేవాడికి ఆ అతుకు సంగతి చెప్పాలా, వద్దా? అడిగితే చెబితే సరిపోతుందా, అడక్కముందే చెప్పాలా?

ఇంత చిన్న విషయానికి వ్యాసమా అనుకునేవాళ్ళు అనుకోనివ్వండి. పాతవి కొని, బాగుచేసి, అమ్మి బతికే ఇళ్ళు మాలో ఎన్నో. స్కూటర్లు, కుట్టుమిషన్లు, తాళాలు, కూలర్లు, పరుపులు - ఏది చెడినా ముందు మా గల్లీలోకే వస్తుంది. హైదరాబాదులో పాత సామాన్ల బజారుకి గురువారం పేరే పెట్టుకున్నారు, జుమ్మేరాత్ బజార్ అని. కాబట్టి ఇది మాకు పుస్తకాల ప్రశ్న కాదు. రాత్రికి పొయ్యి మీద ఏం ఉడుకుతుందో తేల్చే ప్రశ్న.

గిటారు విషయంలో మాకు రెండు వైపులా పోటే. సాజ్ ముట్టుకోవచ్చా అని లోపలివాళ్ళు అడుగుతారు. మీకు గిటారెందుకు అని బయటివాళ్ళు అడుగుతారు. సంగీతం మీద ఉలేమాలు వెయ్యేళ్ళుగా వాదించుకుంటున్నారు. ఇమాం గజాలీ తన 'ఇహ్యా'లో దానికి ఒక భాగమే కేటాయించాడు. ఆ వాదన ఇక్కడ తెమిలేది కాదు. ఇక గిటారు ఎవరిదంటే, గ్రీకుల మాట అరబ్బుల నోట 'ఖీతారా' అయ్యి స్పెయిన్ చేరిందని భాషా చరిత్ర తెలిసినవాళ్ళు చెబుతారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరం వాయించిన షేక్ చినమౌలానాని తల్చుకుంటే, వాద్యాలకు మతం అంటగట్టే మాటలు అక్కడితో ఆగాలి. ఆగవనుకోండి.

విరగడం సంగతికొద్దాం. గిటారు ఎక్కువగా విరిగేది మెడా తలా కలిసే చోట. అక్కడ తల వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి చెక్కలోని నార పొట్టిగా తెగి ఉంటుంది. మెడ లోపల ఇనుప కడ్డీ కోసం గాడి తీస్తారు. కడ్డీని బిగించే చోటు తల వైపు ఉంటే ఆ కాస్త చెక్కా పలచబడుతుంది. ఆరు ఇనుప తీగెలూ శ్రుతికి బిగిస్తే పడే లాగుడు దాదాపు 70 కిలోలు. గోడకు ఆనించిన గిటారు వెనక్కి పడితే చాలు, చీలిపోతుంది. చీలిక పొడుగ్గా, శుభ్రంగా ఉంటే అదృష్టం. తీగెలు విప్పి, జిగురు లోపలికంటా దించి, క్లాంపులు బిగించి, ఒక రాత్రంతా కదపకుండా ఉంచితే ఆ అతుకు పక్కనున్న చెక్కతో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా గట్టిగా నిలబడుతుంది. తర్వాత గరుకు కాయితంతో రుద్ది, రంగు కలిపి, పాలిష్ కొడితే గీత కనబడదు.

చిక్కంతా ఇక్కడే. గట్టిదనానికి కావలసిన పని జిగురుతోనే అయిపోయింది. మరి రంగు ఎవరి కోసం? అందం కోసమా, దాపరికం కోసమా? చెయ్యి ఒకటే, బ్రష్షూ ఒకటే. తేడా అమ్మే రోజున గానీ తెలీదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్లో మోసం అంటే ఏమిటో చెబుతూ ఒక గుర్రం ఉదాహరణ ఉంది. ఒకడు వేలంలో గుర్రం అమ్ముతున్నాడు. దానికి జబ్బని తెలుసు. ఏమీ మాట్లాడలేదు. అది మోసం కాదంటుంది చట్టం. ఆ వెంటనే ఇంకో ఉదాహరణ. కొనేది అప్పుడే మేజరైన అతని కూతురైతే? అప్పుడు చెప్పి తీరాలట. ఇంకో సంగతి కూడా ఉంది. 'నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను' అని కొనేవాడంటే, అప్పుడు మౌనం కూడా మాటతో సమానం. తెల్లదొరల కాలం నాటి ఈ మూడు ఉదాహరణలూ ఇప్పటికీ చట్టంలో ఉన్నాయి. మాకు రెండోదే ముఖ్యంగా తోస్తుంది. అంటే కూతురుకు చెప్పాల్సిన నిజం ఒకటుందని చట్టానికీ తెలుసు. పరాయివాడికి అది అక్కర్లేదనుకుంది, అంతే.

మా దీన్‌లో ఆ గీత అక్కడ లేదు. బజారులో ధాన్యం రాశిలో ప్రవక్త చెయ్యి పెడితే వేళ్ళకు తడి తగిలిన హదీసు మసీదు మెట్లెక్కిన ప్రతివాడికీ తెలుసు. వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. తడిసింది పైన పెట్టొచ్చు కదా, జనం చూసేవాళ్ళు అని ఆయన అడిగారు. మోసం చేసేవాడు నావాడు కాడన్నారు. ఆ అమ్మేవాడు అబద్ధం ఆడలేదు, గమనించండి. అడగ్గానే నిజం చెప్పాడు. అయినా చాల్లేదు. తడి రాశి పైకి రావాలి. ఇమాం అబూ హనీఫా కూఫాలో బట్టల వ్యాపారి. ఆయన భాగస్వామి ఐబున్న గుడ్డ ఒకటి ఆ సంగతి చెప్పకుండా అమ్మితే, ఆ సొమ్మంతా ఖైరాత్ చేసేశాడని చెబుతారు. కొన్నవాళ్ళెవరో కూతుళ్ళు కారు, ముక్కూమొహం తెలీని గిరాకీలు.

సరే, చెప్పాలి. కానీ అతికి గట్టిపడినదాన్ని ఐబు అనడం న్యాయమా? ఫిఖ్ జవాబు సూటిగా ఉంటుంది. సరుకు తెలిసినవాళ్ళ లెక్కలో దేనివల్ల ధర తగ్గుతుందో అది ఐబు. తుర్కుల కాలపు 'మజల్లా' కూడా దాదాపు అదే అంటుంది. తల అతికిన గిటారు ఎంత కమ్మగా పలికినా బజారులో ధర బాగా పడిపోతుంది. కాబట్టి అది ఐబే. చెక్క ఏమంటుందన్నది వేరు, బజారు ఏమంటుందన్నది వేరు. కొనేవాడు రేపు మళ్ళీ అమ్ముకోవాల్సింది బజారులోనే.

ఈ సూత్రం పట్టుకుని ముందుకు పోతే మా గుండెకు ముల్లు గుచ్చుకుంటుంది. ఫోన్లో బేరం కుదురుతుంది. చివర్లో పేరడుగుతారు. చెప్తాం. అంతదాకా 'అన్నా' అన్న నోరు 'భాయ్' అంటుంది. 'ఎక్కడిది భాయ్ ఇది? బిల్లుందా?' అతుకు గురించి అడగడు. అది చెప్పేశాం కదా, విన్నాడు, ఒప్పుకున్నాడు. పేరు విన్నాకే ఇంకో వెయ్యి తగ్గించమంటాడు. ధర తగ్గించేదే ఐబైతే మా పేరు కూడా ఐబేనా?

కాదు. ఐబు సరుకులో ఉండాలి. పేరు చెక్కలో లేదు. బిల్లు అడగడం తప్పని మేమనం, పాత వస్తువుకు అందరినీ అడగాలి. మమ్మల్నే అడగడం దగ్గరే పేచీ. మాలో కొందరు హిందూ దోస్తుని ముందు నిలబెట్టి అమ్మిస్తారు. అది దాపరికమా? దీని మీద మాలో మాకే తగవు. సరుకు గురించి ఏదీ దాచనప్పుడు గునా ఏముందని కొందరు. కిరాయి ఇంటికి పేరు మార్చి, అమ్మకానికి పేరు మార్చి, చివరికి మనకు మిగిలేదేమిటని కొందరు. మా మొగ్గు రెండోవాళ్ళ వైపే. అయితే ఇంటద్దె కట్టాల్సిన తారీఖున దోస్తుని పిలిచినవాడిని నిందించే నోరు మాకు లేదు.

పెద్దవాళ్ళు ఇంకో మాటంటారు. 'మనం అందరికన్నా రెండింతలు నిజాయితీగా ఉండాలి బేటా, మనలో ఒకడు మోసం చేస్తే ఖౌమ్ అంతటికీ రాస్తారు' అని. అనుభవంలోంచి వచ్చిన మాటే. కానీ మేం ఒప్పుకోం. అతుకు సంగతి చెప్పేది కొనేవాడికి అది రావలసిన హక్కు కాబట్టి. మంచి ముసల్మానులమని సర్టిఫికెట్ సంపాదించడానికి కాదు. సర్టిఫికెట్ కోసం చెప్పే నిజంలో కొనేవాడు ఉండడు, చూసేవాళ్ళే ఉంటారు. అసలు, నకలు, రశీదు, బాకీ, మరమ్మతు - తెలుగువాడు బేరమాడితే నోట్లోంచి వచ్చే మాటల్లో సగం అరబ్బీ ఫార్సీల నుంచి వచ్చినవే. వాటిని ఎవరూ బిల్లు అడగలేదు.

ఇప్పుడు మేం చేస్తున్నదిది. కొనడానికి వచ్చినవాడి చేతికి ముందు టార్చిలైటిస్తాం. మెడ వెనక వేలితో తడిమి చూడమంటాం. పొట్ట మీద మెల్లగా తట్టి లోపలి బద్దలు గలగలమంటున్నాయేమో వినమంటాం. బ్రిడ్జి వెనక కాయితం ముక్క దూరుతుందేమో చూడమంటాం, దూరితే లేచినట్టు. పన్నెండో మెట్టు దగ్గర తీగెకీ చెక్కకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే వేళ్ళు నొప్పెడతాయని చెప్తాం. అతుకు మీద రంగు వెయ్యడం మానేశాం, ఉత్త పాలిష్ కొడతాం, గీత సన్నగా కనబడుతుంది. ఎప్పుడు విరిగింది, ఏ జిగురు వాడాం, ఎవరు చేశారు - ఒక చీటీ రాసి గుండ్రటి కన్నం లోపల అతికిస్తాం. చీటీ కింద పేరు పూర్తిగా రాస్తాం.

దాంతో ధర తగ్గింది. ఈ గిటారు మీద మిగిలింది తీగెల ఖర్చు పోను రెండు రోజుల కూలి. కొన్న కుర్రాడు చీటీ చదివి, ఫోన్లో దానికొక ఫోటో తీసుకుని, సంచిలో పెట్టుకుని పోయాడు. తర్వాత అమ్మేటప్పుడు అతను దాన్ని ఉంచుతాడో చింపేస్తాడో అతని ఇష్టం.