మోకాలు దాచుకోకురా

ఒరేయ్ చిన్నోడా, ఇలా వచ్చి కూర్చో. రాత్రి మెట్లెక్కుతూ గోడ పట్టుకున్నావు, చూశాను. మీ అమ్మకి చెప్పలేదులే. కుడి మోకాలేగా? ఆదివారం ఫుట్‌బాల్ సెలెక్షన్సని నోరు కుట్టేసుకున్నావు.

వెనకటికి ఫుట్‌బాల్ ఆటగాడు ఒకడుండేవాడు, తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టాడు. లేనివాళ్ళ ఇల్లు. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన రహీం సాబు భారత ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఉన్న రోజులవి. ఇరవయ్యేళ్ళకే బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. మనకి నాలుగో స్థానం. మరుసటేడు కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడాం, మన ఒక్క గోలూ బలరాందే. పెరూతో 3-1, అక్కడా మన గోల్ వాడిదే. ఓడిన ఆటల్లో గోల్ కొట్టినవాణ్ణి ఎవరూ తలుచుకోరు, అందుకే చెబుతున్నా. 1962 జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారం తెచ్చారు. ఆ ఏడే అర్జున అవార్డు.

ఇంకో పదేళ్ళు ఆడతాడనే అనుకుంటాం గదా? 1963లో ఊపిరితిత్తుల జబ్బు. ఆట ఆగిపోయింది. ఇరవయ్యేడు నిండాయో లేదో! తర్వాత రైల్వే ఉద్యోగం, బెంగాల్లో ఉత్తరపారలో కాపురం. 2023 ఫిబ్రవరిలో పోయాడు.

ఆటకి కూలి దొరికే కాలం ఎక్కడైనా కురచే.

బలరాందంటే జబ్బు, అది చెప్పి రాదు. నీ మోకాలు చెబుతూనే ఉంది, నువ్వే వినట్లేదు. నా సంగతీ అంతే అనుకో. నడుం పట్టిందని చెబితే కూలి పోతుందని ఆ సీజనంతా మిరప టిక్కీలు మోశాను. ఇవాళ చెంబు కిందపడితే నువ్వొచ్చి తీసివ్వాలి.

ఆడొద్దని అనట్లేదురా నాయనా. కాలు బాగయ్యాక ఎడం కాలిక్కూడా పని చెప్పు. రహీం సాబు వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడట. పాలిటెక్నిక్ పరీక్షలు మాత్రం ఎగ్గొట్టకు.

రేపు పొద్దున్నే గుంటూరులో ఎముకల డాక్టరు దగ్గరికి పోదాం. ఆ బూట్లు మాత్రం ఇటివ్వు, నా మంచం కింద ఉంటాయి.