బోల్టునకు తగిన బిగువు

కారు ఇంజనులో ఒక బోల్టు వదులైనది, దానిని బిగించవలెను. ఇందులో ధర్మవిచారమునకు చోటెక్కడిదని ఎవరైనను అడుగవచ్చును. ఎంత గట్టిగా బిగించిన అంత మేలు అనునది లోకమున లోతుగా నాటుకొనిన నమ్మకము. వదులు సోమరితనమునకు గుర్తు, బిగువు శ్రద్ధకు గుర్తు అని ఎంచుటచేత మితిమీరిన బిగువును తప్పుగా ఎవరును చూడరు. చిక్కు అక్కడనే ఉన్నది.

బోల్టు పట్టియుంచునది తన కాఠిన్యముచేత మాత్రమే కాదు, సాగుటచేత. బిగించుకొలది ఉక్కు కంటికి ఆననంతగా సాగును. సాగినది తిరిగి తన పొడవునకు రావలెనని లాగును. ఆ లాగుడే రెండు భాగములను ఒకదానిపై నొకటి అదిమి ఉంచును. బడిలో పిల్లలకు స్థితిస్థాపకత అని చెప్పెడి గుణమిదియే. చాలినంత సాగనిచో ఇంజను అదురుటకు భాగములు అడ్డముగా జరిగి, మర తనంతట తానే వెనుకకు తిరుగును. ఇట్టి అడ్డపు కదలిక బోల్టును సడలించునని గెర్హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజనీరు 1969లో ప్రయోగములతో చూపెను. హద్దు మీరి సాగినచో ఉక్కు పూర్వపు పొడవునకు రాదు. అప్పుడే తెగకపోవచ్చును; మరికొంత త్రిప్పగనే తెగవచ్చును. పైగా, స్పానరుపై పెట్టిన బలములో 100కు సుమారు 90 పాళ్ళు రాపిడికే పోవును. పొడి త్రెడ్డులకు చెప్పిన అంకెను నూనె అంటినవానికి వాడినచో బోల్టు మరింత సాగును. చేతి అంచనా మోసపోవుట ఇందుచేతనే.

ఇంజను పైమూత అంచున నూనె చెమర్చుచున్నదనుకొనుడు. చాల కార్లలో ఆ మూతను పట్టియుంచునవి 6 మిల్లీమీటర్ల సన్నని బోల్టులు. అట్టివానికి సాధారణముగా 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలును. అనగా మీటరు పొడవు కాడ చివర ఒక కిలో బరువు వ్రేలాడదీసినంత. జానెడు స్పానరుతో పెద్దమనిషి దానికి రెండింతలు సునాయాసముగా పెట్టగలడు. క్రింద నున్నది మెత్తని అల్యూమినియము. రబ్బరు ప్యాకింగు గట్టిపడుటచేత నూనె కారుచున్నచో, బోల్టును ఎంత హింసించినను ఆగదు. ఒకరి తప్పునకు మరియొకరిని దండించుట ఇంజనులోను కలదు!

మెకానిక్కు త్రిప్పుచున్నాడు. అంతవరకు చేతికి ఎదురొడ్డిన బోల్టు హఠాత్తుగా మెత్తబడినది. త్రెడ్డు జారనారంభించినది, లేదా ఉక్కు హద్దు దాటినది. ఈ సంగతి అతని మణికట్టునకు తప్ప మరెవరికిని తెలియదు. బయటికి బోల్టు తల కుదురుగనే కనబడును. యజమాని గడియారము చూచుకొనుచున్నాడు. స్పానరు క్రింద పెట్టి, తల ఊపి, డబ్బు పుచ్చుకొనినచో అతడు అబద్ధమాడినట్లా?

నోట అబద్ధము రాలేదు, నిజమే. కాని యజమాని అప్పగించినది బోల్టును మాత్రమే కాదు. తాను చూడలేనిదానిని చూచెడి పనిని. తెలిసినవాని మౌనమును తెలియనివాడు హామీగానే తీసుకొనును. కావున ఆ మౌనము బోల్టు బాగున్నదని పలుకుటయే. శరణులు కాయకమును అంత ఎత్తున నిలిపినది ఇట్టి సాక్షి లేని చోట్ల నెరిగియే కాబోలు.

బరువంతయు అతనిపైననే మోపుటయు న్యాయము కాదు. తెగిన బోల్టు ఖరీదును ఆనాటి కూలిలో కోసెడి షెడ్డులో నిజము చెప్పువాడు అరుదగును. అయిదు నిమిషములలో కావలెనని నెత్తిన నిలుచున్న యజమానికిని ఇందులో పాలు కలదు. అయినను ఆ క్షణమున వీరెవరికిని సంగతి తెలియదు. తెలిసినవాడొక్కడే, మొదటి మాట అతని నోటనే రావలెను.

మాట చెప్పిన పిదప పని కష్టమేమియు కాదు. ఇంజను చల్లారినాక ఆ బోల్టును విప్పి చూడవలెను. సాగియున్నచో క్రొత్తది వేయవలెను. అల్యూమినియములో త్రెడ్డు చెడినచో రంధ్రమును తొలిచి ఉక్కుతీగ చుట్టతో క్రొత్త త్రెడ్డు అమర్చవలెను. మురికి తుడిచి, మొదటి కొన్ని చుట్లు వ్రేళ్ళతోనే ఎక్కించవలెను. వ్రేళ్ళకు ఎక్కని బోల్టును స్పానరుతో ఎక్కింపరాదు. కారు తయారుచేసినవారి పుస్తకములోని వరుసను, అంకెను చూచి, టార్క్ రెంచితో విడతలుగా బిగించి, అది టక్కుమనగనే ఆపవలెను. ఇంకొక్కసారి అని లాగుట చాలమందికి అలవాటు. పాత తప్పు మరల అక్కడనే మొదలగును. పిమ్మట ఇంజనును కొంతసేపు నడిపి, మూత అంచును తెల్లగుడ్డతో తుడిచి చూచి, యజమానికి తాళపుచెవితోపాటు పాత బోల్టును కూడ చేతిలో పెట్టవచ్చును.