కూలి, మన్నన

మనిషిచేత పని చేయించునది కూలియా, మన్ననయా? సాధారణముగా ఆకలి తీరిన పిమ్మటనే గౌరవకాంక్ష తలయెత్తునని 1943లో అమెరికా మనస్తత్త్వవేత్త మాస్లో ప్రతిపాదించెను. అంతకు పాతికేండ్ల ముందు, 1918లో సమ్మెకట్టిన అహమ్మదాబాదు నేతమిల్లుల కార్మికులు ఆ వరుసలో సులభముగా ఒదుగరు. ప్లేగునకు వెరచి వారు ఊరు విడువకుండుటకై యజమానులిచ్చిన బోనసు, వ్యాధి తగ్గగానే నిలిచిపోయెను. యజమానికది ఎర, ధరలు మండుచున్న ఆ దినములలో కార్మికునకు అన్నము. నూటికి 35 హెచ్చింపనిదే పనిలోనికి పోమన్న ప్రతిజ్ఞను వారు సాబర్మతి యొడ్డున తుమ్మచెట్టు నీడలో ప్రతిదినము స్మరించుకొనిరి. మూడు వారములకు ఆకలి ఆ పట్టును సడలింపగా గాంధీ ఉపవాసము పూనెను. అది యజమానులపై ఒత్తిడి యైనదని ఆయనయే ఒప్పుకొనెను.

తుదకు కుదిరిన రాజీ విచిత్రమైనది. కార్మికుల మాట నిలుపుటకై మొదటి దినము నూటికి 35 హెచ్చు. యజమానుల మాట నిలుపుటకై రెండవ దినము 20. ఆపైన మధ్యవర్తి తీర్పు వరకు 27½. (యజమానికిని అభిమానముండునని సిద్ధాంతకర్తలు తరచు మరతురు.) ఆ మొదటి దినపు హెచ్చు కూలితో ఏ యింటి ఆకలియు తీరి యుండదు. అయినను కార్మికులు మిల్లులకు తిరిగి పోయిరి.